పదో తేదీన పుట్టిన తాళం చెవి

గోడ గడియారంలో రెండూ పది. కారు అయిదింటికి వస్తుంది. జెస్సికాకి మిగిలింది మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ.

వరప్రసాదం ఆ లెక్క పైకి అనలేదు. చేతిసంచి బల్ల మీద పెట్టి, కుర్చీని ఆమెకు ఎదురుగా కాకుండా పక్కగా లాక్కుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ శాఖలో తెగిన లైన్లు వెతికిన మనిషి. రిటైరయ్యాక ఆత్మకూరులో డిటెక్టివ్ బోర్డు కట్టినా పని పద్ధతి మారలేదు. లైను ఎక్కడ తెగిందో తెలియాలంటే రెండు కొసలూ పట్టుకుని రావాలి. ఊరికే నడిమధ్యలో తవ్వితే మట్టి తప్ప ఏమీ రాదు.

ఆయన్ని పిలుచుకొచ్చింది జెస్సికా తండ్రి పాల్. ఉదయగిరికి కేబులు వేసిన రోజుల్లో వరప్రసాదం కింద కాలవలు తవ్విన కూలీల్లో అతనొకడు. ఈ పొద్దున మొదటి బస్సుకి ఆత్మకూరు వచ్చి, వాకిట్లో నిలబడి, మా పాపని ఏదో కంప్యూటర్ కేసులో ఇరికించినారు, ఒక్కసారి వచ్చి చూడండి అని మాత్రం అడిగాడు. ఇప్పుడు వరండాలో అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి కూతురు అందులో మెతుకు ముట్టలేదు.

జరిగింది ఇది. ఉత్తర పెన్నా విశ్వవిద్యాలయానికి పడమటి మండలాల్లో తొమ్మిది స్టడీ సెంటర్లు ఉన్నాయి. ఉదయగిరి సెంటర్‌లో జెస్సికా కాంట్రాక్టు ఆపరేటర్. మార్కుల ఫైళ్ళు ఇదివరకు మామూలు ఈమెయిల్లో పోయేవి. దారిలో ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. అందుకని ఈ జూన్‌లో విశ్వవిద్యాలయం సెంటర్లన్నిటిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించింది. ఇక్కడ కూర్చుని నెల్లూరు సర్వర్‌తో మాట్లాడే సెక్యూర్ టెర్మినల్ ఒకటి, ఫైళ్ళను భద్రంగా పంపేది ఇంకొకటి. వీటికి పాస్‌వర్డ్ ఉండదు. తాళం చెవి లాంటి చిన్న ఫైలు ఒకటి ఉంటుంది, దాన్ని 'కీ' అంటారు. ఎవరి కీ వాళ్ళ కంప్యూటర్లోనే ఉండాలి.

జూన్ పద్దెనిమిది, మంగళవారం, పొద్దున పదకొండూ నలభై రెండు నిమిషాలకు ఉదయగిరి పేరుతో, ఉదయగిరి కీతో ఎవరో సర్వర్లోకి పోయి డిగ్రీ ఫలితాల ఫైలు మార్చేశారు. తప్పిన పధ్నాలుగు మంది పాసైపోయారు. మూడు రోజులకు, అంటే నిన్న, నేరం జెస్సికా మీద పడింది.

పడేసింది సురేంద్రబాబు. విశ్వవిద్యాలయం పిలిపించిన ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీ దర్యాప్తు అధికారి. ముప్ఫై నిండని వయసు, ఇస్త్రీ నలగని చొక్కా, మోకాళ్ళ మీద ల్యాప్‌టాప్. కిటికీ పక్కన కూర్చుని వరప్రసాదాన్ని చూడగానే నవ్వాడు.

"టెలిఫోన్ కాలం కాదు సార్ ఇది. సర్వర్ లాగ్ అబద్ధం చెప్పదు."

"లాగ్ చెప్పదులే బాబూ. దాన్ని చదివేవాళ్ళే తొందరపడతారు," అన్నాడు వరప్రసాదం.

సురేంద్రబాబు నిన్ననే రిపోర్టు రాసేశాడు. ఆత్మకూరు పరీక్షల విభాగం డిప్యూటీ రిజిస్ట్రార్ రమేష్‌బాబు దాన్ని చూసి దయ తలచాడట. సాయంత్రం అయిదింటికి తానే కారు పంపిస్తాడు. జెస్సికా ఆత్మకూరు వచ్చి తప్పు ఒప్పుకుని రాజీనామా రాసిస్తే విషయం అక్కడితో సరి. రాయకపోతే రేపు పదింటికి పోలీసు ఫిర్యాదు.

"రాసిచ్చేస్తాను సార్," అంది జెస్సికా నేల చూస్తూ. "మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. నా ఉద్యోగం గురించి నాయన చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పుకున్నాడు. ఆయన స్టేషన్ మెట్లు ఎక్కగూడదు."

"రాస్తే అది జన్మంతా నీ వెనకాలే వస్తుందమ్మా. ఇంకో ఉద్యోగం ఉండదు. అయిదు దాకా టైముంది. మంగళవారం పదకొండూ నలభై రెండుకి ఎక్కడున్నావు?"

"ఇక్కడే."

"ఈ కుర్చీలోనే?"

వరప్రసాదం రెండోసారి అడిగాడు, మూడోసారి మాట మార్చి అడిగాడు. పదకొండుంబావు దాకా ఏం చేసిందో చెప్పింది. పన్నెండున్నర తర్వాత ఏం చేసిందో చెప్పింది. మధ్యలో గంటంబావు దగ్గరికి వచ్చేసరికి పెదవి బిగించుకుంటోంది. సురేంద్రబాబు చూశారా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

అప్పుడు గుమ్మం దగ్గర చీపురు కింద పెట్టిన చప్పుడైంది. సెంటర్ అటెండర్ పెంచలమ్మ.

"ఆ బిడ్డ చెప్పదులే సామీ. చెప్తే నా పని పోతాదని దాని బాధ. నేను చెప్తా."

జెస్సికా వద్దన్నట్టు తల ఊపింది. పెంచలమ్మ వినిపించుకోలేదు. సెంటర్ వెనకాలే ఆమె గొర్రెల దొడ్డి. మంగళవారం పొద్దున ఒక గొర్రె ఈనలేక అల్లాడింది. కడుపులో పిల్ల అడ్డం తిరిగింది. పశువుల డాక్టరు సీతారామపురం పోయి ఉన్నాడు.

"నా చెయ్యి చూడు, ఎంత మోటుగా ఉండాదో. ఈ పాప చెయ్యి సన్నం. గది బీగం ఏసి నేనే పిలుచుకుపోయినా. సబ్బుతో మోచేతి దాకా కడుక్కోని పిల్లను తిప్పి లాగింది. పదకొండుంబావుకి పోతే పన్నెండున్నరకి వచ్చినాం. ఇద్దరం డ్యూటీలో ఉండట్టే సంతకాలు పెట్టినాం. అదీ మా తప్పు."

సురేంద్రబాబు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "అయితే సాక్షి గొర్రె. సంతకం పెడుతుందా?"

"నీకంటే మేలు నాయనా. అది చూసిందే చెప్తాది," అంది పెంచలమ్మ.

వరప్రసాదం నవ్వలేదు. పెంచలమ్మ సాక్ష్యం అతనికి కొండంత బలం ఇచ్చింది కానీ, అది కేసును నిలబెట్టదని కూడా తెలుసు. సురేంద్రబాబు వెంటనే ఆ సంగతే ఎత్తిచూపాడు. ఫలానా టైముకి ఫైలు పంపమని కంప్యూటర్‌కి ముందే చెప్పి పెట్టి, గది తాళం వేసుకుని పోవచ్చు. గొర్రె దగ్గర ఉన్నంత మాత్రాన చేతులు శుభ్రమైపోవు.

"నిజమే," అని ఒప్పుకున్నాడు వరప్రసాదం. "గొర్రెను పక్కన పెడదాం. మిషన్ చూద్దాం."

రెండూ నలభై. గదిలో చూడ్డానికి ఎక్కువేమీ లేదు. ఒక బల్ల, మానిటర్, నల్లటి సీపీయూ, గోడకి ఇంటర్నెట్ పెట్టె. వరప్రసాదం సీపీయూ వెనక వంగి చూశాడు. గాలి జాలీలో ఎర్ర నూలు పోగులు చిక్కుకుని ఉన్నాయి. ఒకటి పీకి వెలుతురులో పట్టుకున్నాడు.

అవి దుప్పటివని జెస్సికా చెప్పింది. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాల్సిన వారం ఉదయగిరిలో ఇంటర్నెట్ లైను పడిపోయింది. గడువు దాటితే సెంటర్‌కి చెడ్డపేరు. అందుకని పదో తేదీ సోమవారం సీపీయూను దుప్పట్లో మూటగట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఆత్మకూరు పరీక్షల విభాగానికి తీసుకుపోయింది. అక్కడి టెక్నీషియన్ తిరుపాలుకు అప్పగించి వచ్చి, మర్నాడు సాయంత్రం మళ్ళీ అలాగే మోసుకొచ్చింది.

తిరుపాలు ఈ గదిలోనే ఉన్నాడు. సురేంద్రబాబుకు సాయంగా వచ్చి, ఇందాకటి నుంచి మూల స్టూలు మీద ఒక వైరును చుడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. పదో తేదీ మాట వినగానే చుట్టడం ఆగిపోయింది. వరప్రసాదం అది గమనించాడు. అతన్ని మాత్రం ఏమీ అడగలేదు.

సంచిలోంచి నాలుగు కాగితాలు తీశాడు. విశ్వవిద్యాలయం సెంటర్లకు పంపిన ఇన్‌స్టలేషన్ సూచనలు, పొద్దున పాల్ తెచ్చిచ్చినవి. బస్సులో వస్తూ రెండుసార్లు చదివాడు. మూడో కాగితంలో కీ తయారుచేసే పద్ధతి ఉంది. ప్రతి ఆపరేటర్ తన మిషన్ మీద తానే చేసుకోవాలి. అప్పుడు తెర మీద ఖాళీ జాగాలో మౌస్‌ను అటూ ఇటూ ఇష్టం వచ్చినట్టు తిప్పమంటుంది. ఆ తిప్పడంలోంచే ఎవరూ ఊహించలేని చెవి తయారవుతుంది.

"నువ్వు ఎంతసేపు తిప్పావమ్మా మౌస్?"

జెస్సికా అర్థం కానట్టు చూసింది. "అట్లాంటిదేం రాలేదు సార్. మిషన్ వచ్చేసరికే అన్నీ పెట్టేసి ఉన్నాయి. ఉదయగిరి అనే పేరు మీద రెండుసార్లు నొక్కితే చాలని తిరుపాలన్న చెప్పినాడు."

"అయితే ఏమైంది?" అన్నాడు సురేంద్రబాబు. "ఆమెకి బదులు టెక్నీషియన్ చేశాడు. ఆమె మిషన్లోనే చేశాడు. కీ ఇప్పటికీ ఆ ఒక్క మిషన్లోనే ఉంది."

"ఒక్క మిషన్లోనే ఉందని ఎవరు చూశారు?"

సురేంద్రబాబు ల్యాప్‌టాప్ పక్కన పెట్టి బల్ల దగ్గరికి వచ్చాడు.

వరప్రసాదం జెస్సికా చేత కీ ఫైలు తెరిపించాడు. పైన నాలుగు వరుసలు మామూలు అక్షరాలు. అందులో ఒకటి, సాఫ్ట్‌వేర్ తనంతట తానే పెట్టే పేరు. పేరు చివర కీ పుట్టిన తేదీ ఉంటుంది: 20240610. జూన్ పది. దాని కింద అందరికీ చూపించినా ఫరవాలేని అక్షరాలు కొన్ని వరుసలు. ఆఖరి వరుసలో చివరి ఎనిమిది అక్షరాలు కాగితం మీద రాసుకుని, సురేంద్రబాబు చేత సరిచూయించాడు. తర్వాత తిరుపాలు వైపు తిరిగి, కలువాయి సెంటర్‌లో ఎప్పుడు పెట్టావని మామూలుగా అడిగాడు.

"పదమూడో తేదీ సార్," అన్నాడు తిరుపాలు.

కలువాయి ఆపరేటర్ అశ్వితకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. జెస్సికా మాట్లాడింది. మేయ్, నీ కీ ఫైలు తెరిచి పేరు చివర అంకెలు చదవమంది. అశ్విత ఎందుకని అడగలేదు. రెండు, సున్నా, రెండు, నాలుగు, సున్నా, ఆరు, ఒకటి, సున్నా అని చదివింది. తర్వాత ఆఖరి వరుసలో చివరి ఎనిమిది అక్షరాలు ఒక్కొక్కటిగా చదివింది. కాగితం సురేంద్రబాబు చేతిలో ఉంది. ఎనిమిదో అక్షరానికి అతను కాగితాన్ని బల్ల మీద పెట్టేశాడు.

పదమూడున పెట్టిన మిషన్లో పదో తేదీన పుట్టిన చెవి.

"చెప్పు తిరుపాలూ," అన్నాడు వరప్రసాదం. "తిట్టడానికి కాదు. ఆ బిడ్డకి మిగిలింది రెండు గంటలే."

తిరుపాలు వైరు కింద పెట్టాడు. అతనూ కాంట్రాక్టు మనిషే. తొమ్మిది సెంటర్లకి ఇచ్చిన గడువు నాలుగు రోజులు. సీతారామపురం పోతే తిరుగు బస్సు దొరకదు. కొండాపురంలో కరెంటు నిలబడదు. ప్రతి చోటా కొత్త కీ చేసి, నెల్లూరు పంపి, వాళ్ళు ఎక్కించేదాకా కూర్చుంటే నెల పడుతుంది. అందుకని జెస్సికా మిషన్లో చేసిన ఫోల్డరునే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సెంటర్ సెంటర్‌కీ తిరిగాడు. నెల్లూరుకి తొమ్మిది పేర్లతో అదే కీ పంపాడు. వాళ్ళూ చూడకుండా ఎక్కించేశారు.

"పరీక్షల సాఫ్ట్‌వేరు ఎప్పుడూ అట్లనే కాపీ చేస్తాం సార్. ఇదీ అంతే అనుకున్నా. తాళాలు తొమ్మిది, చెవి ఒకటే అయిపోయింది. ఈ పాపని పట్టుకున్నాక తెలిసొచ్చింది. చెబుదామంటే నోరు రాలేదు. నాకూ ఇద్దరు బిడ్డలు."

జెస్సికా అతన్ని కోపంగా చూడలేదు. లేచి తన సీసాలోని నీళ్ళు అతని ముందు పెట్టింది.

సురేంద్రబాబు అప్పటికే ఫోన్ అందుకున్నాడు. కీని ఈ క్షణమే రద్దు చేయాలి అన్నాడు. వరప్రసాదం అతని ఫోన్ మీద చెయ్యి వేశాడు.

"రద్దు చేస్తే తొమ్మిది మంది మీద అనుమానం మిగులుతుంది. నీ రిపోర్టులో మాత్రం ఒక్క పేరే ఉంటుంది."

"దొంగ చేతిలో చెవి ఉందని తెలిసి తలుపు తెరిచి పెట్టమంటారా? రూల్ ఒప్పుకోదు."

"నిన్నటి దాకా ఆ చెవి ఈ పిల్ల దగ్గరే ఉందన్నావు. పిల్ల నీ ఎదురుగా ఉంది. మరి ఎవరికి భయపడతావు?"

"నేను పొరపాటు పడ్డాను. ఒప్పుకుంటున్నాను. రెండో పొరపాటు చెయ్యనంటున్నాను."

ఆ మాటతో వరప్రసాదానికి ఆ కుర్రవాడి మీద మొదటిసారి గౌరవం కలిగింది. ఇద్దరూ కలిసి నెల్లూరులో సర్వర్ చూసే అనురాధకు ఫోన్ చేశారు. ఆమె తొమ్మిది పేర్ల కీలూ తెరిచి చూసుకుని, అన్నీ ఒకటేనంది. చూడకుండా ఎక్కించింది తన విభాగమే కదా. తర్వాత దారి తనే చెప్పింది. ఫలితాల ఫైళ్ళు ఎవరూ ముట్టకుండా తాళం వేస్తుంది. పాత లాగ్‌లో పేరూ టైమూ తప్ప మిగలవు కాబట్టి, లోపలికి ఎవరు వచ్చినా ఏం చేశారో, ఎక్కడినుంచి వచ్చారో పక్కనే కూర్చుని చూస్తుంది. నష్టం జరగదు. నాలుగు దాకా అయితే సరేనంది.

మూడూ అయిదుకి తిరుపాలు తొమ్మిది సెంటర్లూ, పరీక్షల విభాగమూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. ఉదయగిరి కీ నాలుగు గంటలకు రద్దవుతుంది, అందరూ గమనించగలరు. అంతే. ఆ చెవితో పని మిగిలి ఉన్నవాడు నాలుగులోపే రావాలి.

సురేంద్రబాబు ఉదయగిరి సీపీయూ వైర్లన్నీ పీకించాడు. తానే టేపు చుట్టి, టేపు మీద సంతకం చేసి, బల్ల మధ్యలో పెట్టాడు. జెస్సికాను కాసేపు తండ్రి దగ్గర కూర్చుని అన్నం తినమని వరప్రసాదం బయటికి పంపాడు. ఇక కూర్చోవడమే పని. మూడున్నర దాటింది. మూడూ నలభై అయింది. సురేంద్రబాబు ల్యాప్‌టాప్ వైపూ, వరప్రసాదం గడియారం వైపూ చూస్తున్నారు.

మూడూ నలభై ఏడుకి స్పీకర్లో అనురాధ గొంతు వినిపించింది. "ఉదయగిరి లోపలికొచ్చింది."

ముగ్గురూ ఒకేసారి బల్ల మీది సీపీయూని చూశారు. టేపు టేపులాగే ఉంది. సురేంద్రబాబు అప్రయత్నంగా లేచి నిలబడ్డాడు. అతని రిపోర్టు అక్కడే ముగిసిపోయింది. జెస్సికా దొంగ కాదు.

వచ్చిన చోటు ఆత్మకూరు పరీక్షల విభాగం. అనురాధ మిషన్ నంబరు చదివింది. ఆ నంబర్లు ఇచ్చింది తిరుపాలే కాబట్టి పుస్తకం చూడాల్సిన పని లేకపోయింది.

"అది డి.ఆర్. సార్ గదిలోది," అన్నాడు మెల్లిగా. "బ్యాకప్‌కి ఒకటి ఉండనీ అని ఫోల్డరు ఆయనే అడిగి పెట్టించుకున్నాడు."

రమేష్‌బాబు. పోలీసు ఫిర్యాదు ఇస్తానన్నవాడు, దయ తలచినవాడు, కారు పంపేవాడు.

అతను మార్కుల జోలికి పోలేదని అనురాధ చెప్పింది. జెస్సికా ఫోల్డర్లో ఒక్క ఉత్తరం పెట్టి, మూడూ నలభై తొమ్మిదికి వెళ్ళిపోయాడు. ఆమె దాన్ని తెరిచింది. చదవబోయి ఆగి, మీరే చూడండి అని సురేంద్రబాబుకు పంపింది. అయిదు వరుసలు.

'నేను, జెస్సికా. మార్కులు మార్చింది నేనే. ఇందులో ఇంకెవరికీ సంబంధం లేదు. మా నాయనకి ముఖం చూపించలేను. ఈ రోజు సాయంత్రం ఆరు గంటలకు సోమశిల డ్యామ్ మీదికి నా అంతట నేనే వెళ్తున్నాను.'

గడియారంలో మూడూ యాభై మూడు.

రాజీనామా, రాజీ అన్నీ ఎర అన్నమాట; ఆ కారు పోయేది ఆత్మకూరుకు కాదు, డ్యామ్ మీదికి. సురేంద్రబాబు అప్పటికే పోలీసులకు ఫోన్ కలుపుతున్నాడు. కారు రావడానికి ఇంకా గంటకు పైగా ఉంది, ఈలోపు ఏర్పాటు చేసుకోవచ్చు అంటున్నాడు. వరప్రసాదం మాత్రం ఉత్తరంలోని ఒకే మాట దగ్గర ఆగిపోయాడు. ఆరు గంటలకు. ఇక్కడినుంచి సోమశిలకు కారులో రెండు గంటలు. అయిదింటికి ఉదయగిరిలో ఎక్కిన మనిషి ఆరింటికి సోమశిలలో ఉండలేదు. నాలుగింటికి ఎక్కితే ఉంటుంది.

నాలుగు లోపల పని ముగించుకోమని తొందరపెట్టింది తానే.

అతను వరండాలోకి వచ్చేసరికి పాల్ ఒక్కడే ఉన్నాడు. ఖాళీ క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. వరప్రసాదాన్ని చూడగానే లేచి రెండు చేతులూ జోడించాడు. ముఖమంతా వెలుగు.

"రెండు ముద్దలు తినింది సార్. ఇప్పుడే ఆత్మకూరు పెద్ద సారు ఫోన్ చేసినాడు. కేసు తీసేసినారంట. గేటు కాడ కారు ఉండాది, కాగితం వచ్చి తీసుకోమ్మా అన్నాడంట. పరిగెత్తతా పోయింది నా బిడ్డ. అంతా మీ పుణ్యమే సార్."

వరప్రసాదం మెట్లు దిగేలోపే సురేంద్రబాబు అతన్ని దాటుకుని పరిగెత్తాడు. గేటు అవతల కారు తలుపు మూసుకున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది.